ఓడ లేదు, కోట లేదు, రాజ్యం లేదు: జుల్ఫా ఆర్మేనియన్లు ప్రపంచ వ్యాపారం ఎలా చేశారు?

1698 జనవరిలో కొచ్చి తీరానికి దగ్గరలో విలియం కిడ్ అనే కెప్టెన్ ఒక పెద్ద ఓడను పట్టుకున్నాడు. దాని పేరు క్వెడా మర్చంట్. బెంగాల్ నుంచి సూరత్‌కు పట్టుబట్టలు, మస్లిన్, పంచదార, సురేకారం, నల్లమందు మోసుకుపోతోంది. కిడ్ తన ఓడ మీద మోసపూరితంగా ఫ్రెంచి జెండా ఎగరేస్తే, అవతలి ఓడవాళ్లు తమ దగ్గరున్న ఫ్రెంచి అనుమతి పత్రం చూపించారు. ఫ్రెంచి ఓడల్ని పట్టుకునే అధికారం ఇంగ్లండు తనకిచ్చింది కాబట్టి ఇది న్యాయమైన పట్టివేతేనని కిడ్ వాదించాడు. లండన్ ఒప్పుకోలేదు. 1701లో అతన్ని ఉరితీశారు.

ఆ ఓడలో ఎవరెవరు ఉన్నారో చూడండి. యజమాని భారతీయుడు, కెప్టెన్ ఇంగ్లీషువాడు, పత్రం ఫ్రెంచివాళ్లది. ఓడను బాడుగకు తీసుకుని సరుకు ఎక్కించినవాళ్లు ఆర్మేనియన్లు. ఇంతమంది మధ్య ఆ వ్యాపారాన్ని ఒక దారికి తెచ్చి నడిపిస్తున్నది, సొంత రాజ్యం గానీ నౌకాదళం గానీ లేని ఆ ఆర్మేనియన్లే.

చెన్నైలో ఆర్మేనియన్ వీధి చూసినవాళ్లకీ, హైదరాబాద్ ఉప్పుగూడలో 17వ శతాబ్దపు ఆర్మేనియన్ సమాధులున్నాయని విన్నవాళ్లకీ సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. కాకసస్ కొండల దగ్గరివాళ్లు ఇంత దూరం ఎలా వచ్చారు? తుపాకులున్న ఈస్ట్ ఇండియా కంపెనీల పక్కన ఎలా నిలబడ్డారు? "ఒకే మతం, ఒకే భాష, ఒకరినొకరు నమ్ముకున్నారు" అనేది మామూలుగా వినిపించే జవాబు. అది తప్పు కాదు కానీ సగమే. ఆ నమ్మకం దానంతట అది పుట్టలేదు. ఒప్పంద పత్రం, చిట్టా, ఉత్తరం, పంచాయితీ కలిసి దాన్ని తయారుచేశాయి. ఈ వ్యాసం ఆ తయారీ గురించి.

రెండు జుల్ఫాలు, ఒక పట్టు దారం

ఆర్మేనియన్లలో అందరూ వ్యాపారులు కారు. మనం మాట్లాడుకుంటున్నది ముఖ్యంగా ఒక ఊరివాళ్ల గురించి. అరస్ నది ఒడ్డున జుల్ఫా అనే పట్టణం ఉండేది. 16వ శతాబ్దంలోనే అక్కడివాళ్లు ఇరాన్ ముడిపట్టును సిరియాలోని అలెప్పోకు చేర్చి ఐరోపా వ్యాపారులకు అమ్మేవారు. 1604లో తుర్కీ ఒట్టోమన్లతో యుద్ధం చేస్తున్న ఇరాన్ చక్రవర్తి షా అబ్బాస్, శత్రువు చేతికి చిక్కకూడదని ఆ ప్రాంతం మొత్తాన్ని ఖాళీ చేయించాడు. బలవంతపు వలస అది. నది దాటుతూ, దారిలో చలికీ ఆకలికీ ఎంతోమంది చనిపోయారు. బతికిన జుల్ఫావాళ్లకు 1605లో ఇస్ఫహాన్ పక్కనే, జాయందే నది దక్షిణపు ఒడ్డున షా స్థలం ఇచ్చాడు. అదే న్యూ జుల్ఫా.

ఊరు పోగొట్టినవాడే కొత్త ఊరికి రక్షకుడు కూడా అయ్యాడు. చర్చిలు కట్టుకోనిచ్చాడు. సొంత పెద్దను, అంటే కలాంతర్‌ను పెట్టుకోనిచ్చాడు. 1619లో పట్టు ఎగుమతి హక్కుకు వేలం పెడితే ఇంగ్లీషు కంపెనీ కంటే ఎక్కువ పాడుకుని జుల్ఫావాళ్లే గెలిచారు. 1629లో ఆయన మనవడు షా సఫీ ఆ గుత్తాధిపత్యాన్ని తీసేశాక కూడా వాళ్ల వ్యాపారం తగ్గలేదు.

సరుకు తిరిగే దారి ఇదీ. కాస్పియన్ తీరంలోని గీలాన్‌లో ముడిపట్టు కొనడం. అలెప్పో, ఇజ్మీర్, లివోర్నో, వెనిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో అమ్మడం. దానికి వచ్చిన వెండితో ఇరాన్ మీదుగా భారతదేశానికి రావడం. ఇక్కడ నీలిమందు, నూలు బట్టలు, వజ్రాలు కొనడం. గోల్కొండ వజ్రాలు, మచిలీపట్నం అద్దకం బట్టలు ఈ చక్రంలోకి వచ్చింది ఇలాగే. మచిలీపట్నం నుంచి ఇరాన్ రేవు బందర్ అబ్బాస్‌కు బట్టలు వెళ్లేవి, అక్కడ వాటికి మంచి గిరాకీ. 1667లో రష్యా జారుతో ఒప్పందం కుదిరాక వోల్గా నది మీదుగా ఉత్తరపు దారి కూడా తెరుచుకుంది. దానికి కొన్నేళ్ల ముందే జుల్ఫా వ్యాపారులు వజ్రాలు పొదిగిన సింహాసనాన్ని జారుకు కానుకగా ఇచ్చారు. అది ఇప్పటికీ క్రెమ్లిన్‌లో ఉంది.

కంపెనీకీ ఖోజా ఇంటికీ తేడా

1600లో పుట్టిన ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీ వాటాల కంపెనీ. వందలమంది డబ్బు పెడతారు, డైరెక్టర్లు నడుపుతారు, ఉద్యోగులు జీతానికి పనిచేస్తారు. రాజు ఇచ్చిన పట్టా ఉంటుంది. ఓడలు, కోటలు, సిపాయిల ఖర్చంతా కంపెనీదే.

జుల్ఫాలో వ్యాపారం చేసేది కుటుంబం. అన్నదమ్ములు ఉమ్మడి ఆస్తి మీద నడుపుతారు. ఇంటి పెద్ద జుల్ఫాలోనే కూర్చుంటాడు. పెద్ద వ్యాపారిని గౌరవంగా ఖోజా అంటారు. గుమాస్తాకు అతను ఆఘా, అంటే యజమాని. ఊరూరా తిరిగే గుమాస్తాను ఎంకర్ అంటారు. ఆర్మేనియన్‌లో ఆ మాటకు తోడు, జతగాడు అని అర్థం. జీతగాణ్ని జతగాడు అనరు కదా. ఆ పేరులోనే ఒప్పందం ఎలాంటిదో తెలిసిపోతుంది.

డబ్బు ఒకరిది, కాళ్లు ఇంకొకరివి: ఒప్పందం లెక్క

ఈ ఒప్పందాన్ని ఇటలీలో కమెండా అన్నారు, ఇస్లామిక్ న్యాయంలో ముదారబా అంటారు. మన ఊళ్లలో స్లీపింగ్ పార్ట్‌నర్, వర్కింగ్ పార్ట్‌నర్ అనే మాటలు వాడతాం కదా, దాదాపు అదే. ఆఘా పెట్టుబడి పెడతాడు. ఎంకర్ తిరిగి కొని అమ్మి లాభం తెస్తాడు. లాభంలో ఎంకర్‌కు సాధారణంగా మూడో వంతో నాలుగో వంతో వస్తుంది. నష్టం వస్తే, ఎంకర్ తప్పు లేనంతవరకు, ఆ డబ్బు ఆఘాదే పోతుంది. ఎంకర్‌కు పోయేది తన శ్రమ.

ఊహించిన అంకెలతో ఒక లెక్క వేద్దాం. ఆఘా 300 తుమాన్లు (తుమాన్ అంటే అప్పటి ఇరాన్ డబ్బు లెక్క) ఇచ్చాడు. ఏడేళ్ల తర్వాత సుంకాలు, బాడుగలు, తిండి ఖర్చులు పోను ఎంకర్ చేతిలో 510 మిగిలాయి. లాభం 210. మూడో వంతు చొప్పున ఎంకర్‌కు 70, ఆఘాకు 140.

ఇదే డబ్బును ఆఘా ఏడాదికి నూటికి 10 వడ్డీకి అప్పుగా ఇచ్చి ఉంటే? ఏడేళ్లకు మామూలు వడ్డీయే 210. లాభమంతా వడ్డీకే పోయి, ఎంకర్‌కు చేతిలో ఏమీ మిగలదు. ఇక వ్యాపారం చెడి 300లో 240 మాత్రమే మిగిలాయనుకుందాం. కమెండాలో ఆఘాకు 60 నష్టం, లెక్క అక్కడితో ముగుస్తుంది. అదే అప్పయితే ఎంకర్ 510 కట్టాలి, చేతిలో ఉన్నది 240. ఇంకా 270 బాకీ. ఇంటికి మొహం చూపించలేడు.

ఏ ఆస్తీ లేని కుర్రాడు చేతి ఖర్చు లేకుండా సూరత్ దాకా వెళ్లి వ్యాపారం మొదలుపెట్టగలిగింది ఈ ఏర్పాటు వల్లే. జాగ్రత్తగా చేస్తే కొన్ని ప్రయాణాల తర్వాత సొంత పెట్టుబడి కూడుతుంది, తానే ఆఘా అవుతాడు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. లాభంలో వాటా ఉండి నష్టంలో లేనివాడు లేనిపోని సాహసాలు చేయవచ్చు. పోతే పరాయి డబ్బు కదా అనుకోవచ్చు. అందుకే ఏం కొనాలి, ఎటు వెళ్లాలి అని ఆఘా సూచనలు ఇచ్చేవాడు. వాటిని దాటి చేసిన పనిలో నష్టం వస్తే అది ఎంకర్ నెత్తినే పడేది. మళ్లీ ఇక్కడే రెండో చిక్కు. ఇస్ఫహాన్‌లో కూర్చున్నవాడికి ఆగ్రాలో నీలిమందు ధర ఈ వారం ఎంతో తెలియదు. మరీ బిగిస్తే మంచి అవకాశం చేజారుతుంది, మరీ వదిలేస్తే డబ్బు పోతుంది. ఈ రెండింటి మధ్య సరైన చోటు ఎక్కడన్నదే జుల్ఫా వ్యాపార విద్య మొత్తానికీ అసలు ప్రశ్న.

హోవ్‌హానెస్ చిట్టా: ఇస్ఫహాన్ నుంచి లాసా దాకా

ఈ ఒప్పందం ఆచరణలో ఎలా ఉండేదో ఒక చిట్టా చూపిస్తుంది. హోవ్‌హానెస్ అనే జుల్ఫా ఎంకర్ 1682లో గెరాక్ కుటుంబానికి చెందిన ఆఘాల దగ్గర 250 తుమాన్లు తీసుకుని బయలుదేరాడు. బందర్ అబ్బాస్‌లో ఓడెక్కి సూరత్‌లో దిగాడు. ఆగ్రా వైపు వెళ్లి ఖుర్జాలో నీలిమందు కొన్నాడు. తర్వాత పాట్నా, అక్కడి నుంచి ఖాట్మండు మీదుగా 1686లో లాసా చేరాడు. టిబెట్‌లో దాదాపు ఐదేళ్లు ఉండి కస్తూరి, బంగారం వ్యాపారం చేశాడు. 1693లో బెంగాల్‌లో చిట్టా ఆగిపోతుంది. ఆ పుస్తకం ఇప్పుడు లిస్బన్ జాతీయ గ్రంథాలయంలో ఉంది.

ఎంత కొన్నాడు, ఎంత సుంకం కట్టాడు, ఏ ఊళ్లో ఏ తూకం, ఏ నాణెం ఎంతకు మారింది, తిండికి ఎంతయింది అన్నీ రాసుకున్నాడు. లాసాలో అతను ఒంటరి కూడా కాదు, మిగతా ఆఘాల ఎంకర్లు అక్కడ ఉన్నారు. నన్ను ఆకట్టుకున్నది ప్రయాణం కంటే ఆ చిట్టాయే. ఆఘా పదకొండేళ్లు కళ్లతో చూడని మనిషి, ఏదో ఒక రోజు ఆయన ముందు కూర్చుని పైసా పైసా ఒప్పజెప్పాలని గుర్తుపెట్టుకుని రాసిన పుస్తకం అది. ఇలాంటి చిట్టాను వాళ్లు పారసీక మాటతో రోజ్‌నామా అన్నారు. మన రెవెన్యూ రికార్డుల్లో ఉన్న రోజునామాకు కూడా అదే మూలం.

మోసం చేయకుండా ఆపినవి

ఎంకర్ డబ్బుతో మాయమైపోతే? అప్పట్లో అంతర్జాతీయ పోలీసులు లేరు. రక్షణ నాలుగు వైపుల నుంచి వచ్చేది.

మొదటిది ఇల్లు. ఎంకర్ భార్యాపిల్లలు జుల్ఫాలోనే, ఆఘా కళ్లెదురుగా ఉండేవారు. వాళ్ల బాగోగులు ఆఘా చూసేవాడు. అది ఆదరణా అవును, ఒక రకంగా తాకట్టూ అవును.

రెండోది ఉత్తరం. దీని గురించి మనకు చాలా తెలియడానికి కారణం ఒక దురదృష్టం. 1748లో ఇంగ్లీషు, ఫ్రెంచివాళ్ల మధ్య యుద్ధం నడుస్తుండగా, ఆర్మేనియన్ల సరుకుతో వెళ్తున్న శాంతా కాతరీనా అనే ఓడను బ్రిటిష్ నౌకాదళం పట్టుకుంది. అందులోని దాదాపు 1,700 ఉత్తరాలు, కాగితాలు దావాలో సాక్ష్యాలుగా లండన్ చేరాయి. రెండున్నర శతాబ్దాలు అక్కడి దస్తావేజుల్లో పడి ఉన్నాయి. 2005లో వాటిని ఒక చరిత్రకారుడు గుర్తించాడు. ఇంటి క్షేమ సమాచారం, సరుకు ధరలు, హుండీ (ఒక ఊళ్లో కట్టి ఇంకో ఊళ్లో తీసుకునే డబ్బు చీటీ) రేట్లు, ఏ ఓడ ఎక్కడుంది, ఎవరు అప్పుల్లో పడ్డారు, ఎవరి నడత ఎలా ఉంది, అన్నీ ఒకే ఉత్తరంలో కలిసి ఉంటాయి. ఒక దారిలో పోయినా ఇంకో దారిలో చేరాలని ఒకే ఉత్తరానికి నకళ్లు తీసి పంపేవారు. భాష జుల్ఫా మాండలికం. పారసీకం, అరబ్బీ, హిందుస్తానీ, ఇటాలియన్, పోర్చుగీసు మాటలు కలిసిపోయి, వేరే ప్రాంతపు ఆర్మేనియన్లకే సరిగా అర్థం కానిది. రహస్య భాషగా కూడా అదే పనికొచ్చింది.

మూడోది పరువు. చెడ్డ పేరు ఉత్తరాల మీద ప్రయాణించేది. ఒక ఆఘాను మోసం చేసినవాడికి ఇంకో ఆఘా డబ్బు ఇవ్వడు.

నాలుగోది పంచాయితీ. న్యూ జుల్ఫాలో కలాంతర్ అధ్యక్షతన పేటల పెద్దలు, వ్యాపారులు కూర్చునే సభ ఉండేది. ఒప్పందాల తగాదాలు అక్కడ తేలేవి. సాక్షుల వాంగ్మూలాలు, వకాల్తా పత్రాలు అక్కడ తయారై మద్రాసుకో వెనిస్‌కో వెళ్లేవి. ఆ తర్వాత రష్యాలోని ఆస్ట్రాఖాన్ ఆర్మేనియన్లు 1765 ప్రాంతంలో తయారుచేసుకున్న న్యాయ సంహితలో ఈ వ్యాపార నియమాలు అక్షరరూపంలో దొరుకుతాయి.

ఇక్కడ పండితుల మధ్య వాదం ఉంది. పరువు పోతుందన్న భయమే వ్యవస్థను నిలబెట్టిందని కొందరంటారు. కోర్టులు, రాత పత్రాలు లేకుండా పరువు ఒక్కటే ఇంత దూరం పనిచేయదని మరికొందరంటారు. జుల్ఫా విషయంలో రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయని నాకనిపిస్తుంది. పంచాయితీ తీర్పుకు సిపాయిల బలం లేదు, పరువే దాని బలం. ఆ పరువు ఒట్టి పుకారుగా దిగజారకుండా చూసింది రాతలో ఉన్న సాక్ష్యం.

ఈ పద్ధతికి వెల కూడా ఉంది. ఎంకర్లుగా దాదాపు జుల్ఫావాళ్లనే పెట్టుకునేవారు. బయటివాడి ఇల్లు జుల్ఫాలో ఉండదు, అతని గురించి ఉత్తరాలు రావు. లివోర్నోలోని యూదు వ్యాపారులు గోవాలోని హిందూ వ్యాపారులతో కూడా కమిషన్ మీద పని చేయించుకోగలిగారు. జుల్ఫావాళ్లు అంత తేలిగ్గా తమ వలయం దాటలేదు. నమ్మకం గట్టిగా ఉండటానికి కారణమైన కట్టుబాటే వ్యాపారం ఇంకా పెరగకుండా అడ్డుపడింది.

1688 ఒప్పందం: ఇద్దరూ ఏం లెక్క వేశారు?

1688 జూన్ 22న లండన్‌లో ఇంగ్లీషు కంపెనీ, జుల్ఫా వ్యాపారి ఖోజా ఫానూస్ కలాంతర్ ఒక ఒప్పందం చేసుకున్నారు. కంపెనీ స్థావరాల్లో ఆర్మేనియన్లు ఇంగ్లీషువాళ్లలాగే ఉండవచ్చు, కొనవచ్చు, అమ్మవచ్చు. ఎక్కడైనా 40 మంది ఆర్మేనియన్లు స్థిరపడితే వాళ్లకు చర్చి కట్టిస్తారు, పూజారికి ఏడేళ్లపాటు ఏడాదికి 50 పౌన్లు ఇస్తారు.

కంపెనీ పెద్ద సర్ జోసయా చైల్డ్ ఆలోచన తేటగా ఉంది. ఎడారుల మీదుగా అలెప్పోకు పోయే ఆర్మేనియన్ల సరుకును తన ఓడలెక్కించి, ఆఫ్రికా చుట్టూ తిప్పి లండన్‌కు తేవాలి. బాడుగ వస్తుంది, సుంకం వస్తుంది, ఒట్టోమన్లకు పోయే ఆదాయం పోతుంది. ఒక దేశం లాభం ఇంకో దేశం నష్టమే అని నమ్మిన కాలపు ఆలోచన అది.

ఆర్మేనియన్ల లెక్క వేరు. వాళ్లకు కావలసింది మద్రాసు, బొంబాయి, తర్వాత కలకత్తాల్లో నిలువ నీడ, సురక్షితమైన ఓడ. అవి తీసుకున్నారు. పాత భూమార్గాన్ని మాత్రం వదల్లేదు. కంపెనీ ఆశించినంత సరుకు దాని ఓడలెక్కలేదు. ఒకే దారి మీద ఆధారపడితే ఆ దారి యజమాని ధర పెంచుతాడని వాళ్లకు తెలుసు.

జెండా లేకపోవడం కూడా కొన్నిసార్లు పెట్టుబడే అయింది. స్పెయిన్ పాలనలోని మనీలాకు ఇంగ్లీషువాళ్లను రానివ్వరు. ఆర్మేనియన్లు క్రైస్తవులు, పైగా ఏ శత్రు రాజుకూ చెందరు. అందుకని మద్రాసు ఇంగ్లీషువాళ్లు తమ సరుకును ఆర్మేనియన్ల పేరు మీద మనీలాకు పంపేవారు.

ఊరూరా తిరిగే చిల్లర బేరగాళ్లేనా?

ఆసియా వ్యాపారులంతా మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగే బేరగాళ్లని ఇరవయ్యో శతాబ్దంలో కొందరు చరిత్రకారులు వాదించారు. హోవ్‌హానెస్ చిట్టాను కూడా అందుకు ఉదాహరణగా చూపారు. అతనికి ముందుగా ధరలు తెలియవు, సంతకు వెళ్లి చూసుకోవాలి. కంపెనీలైతే గోదాములు పెట్టి, ధరల్ని నిలకడగా ఉంచి, రక్షణ ఖర్చును తామే నడిపి గెలిచాయంటారు. ఈ వాదంలో బలం ఉంది. దారి దోపిడీలు, సుంకాల వేధింపులు ఎప్పుడెంత ఉంటాయో తెలియకపోవడం చిన్న వ్యాపారికి పెద్ద దెబ్బ.

రెండో పక్షం అడిగేది ఇది. ఎంకర్ ఒక్కడే తిరిగినా అతని వెనక ఎవరున్నారు? వెనిస్ ప్రభుత్వానికే పెద్ద మొత్తాలు అప్పిచ్చిన షహ్రిమానియన్ కుటుంబం లాంటివాళ్లు. ఒకే ఇంటికి ఎన్నో ఊళ్లలో ఎంకర్లు, అందరి నుంచీ ఉత్తరాలు. బయటి నుంచి చూస్తే బేరగాడు, లోపల నుంచి చూస్తే ఒక పెద్ద సంస్థ తాలూకు చివరి కొస. కోటల ఖర్చు లేదు కాబట్టి కంపెనీ కంటే తక్కువ లాభానికి అమ్మినా వాళ్లకు గిట్టుబాటయ్యేది. ఎంత పొదుపుగా ప్రయాణిస్తారో చూసి ఐరోపా యాత్రికులు ఆశ్చర్యపోయారు. నాకు రెండో పక్షమే ఎక్కువ సబబుగా తోస్తుంది, ఒక్క రక్షణ విషయంలో తప్ప. అక్కడ మొదటి పక్షం చెప్పిందే చివరికి జరిగింది.

పాఠ్యపుస్తకం నుంచి రాజ్యాంగం దాకా

వీళ్లకు ఆర్థిక ఆలోచన అంటూ ఉందా, లేక వ్యాపారం తెలివి మాత్రమేనా? సిద్ధాంత గ్రంథాల కోసం వెతికితే తక్కువే కనిపిస్తుంది. 17వ శతాబ్దం చివరలో న్యూ జుల్ఫా బడిలో కోస్తాంద్ అనే ఉపాధ్యాయుడు కుర్ర వ్యాపారుల కోసం ఒక పాఠ్యపుస్తకం రాశాడు. ఏ ఊళ్లో ఏ సరుకు, ఏ తూకం, ఏ నాణెం అన్నది అందులో విషయం. 1699లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గుకాస్ వనందెత్సి ప్రపంచంలోని తూనికలు, కొలతలు, నాణేల మీద ఆర్మేనియన్‌లో పుస్తకం అచ్చువేశాడు. ఊరికో మణుగు, రేవుకో రూపాయి ఉన్న కాలంలో ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చే పట్టిక చిన్న విషయం కాదు. ధర అనేది స్థలాన్ని, కాలాన్ని, కొలతను బట్టి మారే సంబంధం అన్న గ్రహింపు అందులో ఉంది.

పెద్ద ఆలోచన మాత్రం దెబ్బలు తిన్నాకే వచ్చింది. 1722లో ఆఫ్ఘన్లు ఇస్ఫహాన్‌ను ముట్టడించి జుల్ఫా నుంచి భారీ జరిమానా పిండుకున్నారు. 1740ల్లో నాదిర్ షా వసూళ్లు, చిత్రహింసలు మిగిలినదాన్నీ తుడిచేశాయి. పంచాయితీ, ఇల్లు, ఉత్తరాల కేంద్రం అన్నీ ఆ ఒక్క ఊరే. ఆ ఊరు కూలితే వల మొత్తం వదులైపోయింది.

మద్రాసులో కూడా అభద్రతే. అడయార్ నది మీద సొంత డబ్బుతో మర్మలాంగ్ వంతెన కట్టించిన ఖోజా పెట్రస్ ఉస్కాన్, 1746లో ఫ్రెంచివాళ్లు మద్రాసును పట్టుకున్నప్పుడు వాళ్లవైపు వెళ్లలేదు. అయినా 1749లో పట్టణం తిరిగి చేతికొచ్చాక, ఆర్మేనియన్లు ఫ్రెంచివాళ్లకు సాయపడ్డారని ఇంగ్లీషువాళ్లు నిందవేసి, కోట లోపలి తెల్లవాళ్ల పేట నుంచి వాళ్లను వెళ్లగొట్టారు. 1688 నాటి హామీ ఒక కాగితం. దాన్ని అమలు చేయించుకునే బలం వాళ్లకు లేదు.

షహమీర్ షహమీరియన్ ఈ మద్రాసులో బతికిన వ్యాపారి. జుల్ఫాలో పుట్టి ఇక్కడ స్థిరపడ్డాడు. ఆయన కుటుంబం 1772లో మద్రాసులో ఆర్మేనియన్ ముద్రణాలయం పెట్టింది. అక్కడ అచ్చయిన "కీర్తి వల" అనే పుస్తకం ముఖపత్రం మీద 1773 అని ఉంటుంది, పూర్తిగా బయటికి వచ్చింది మాత్రం 1780ల చివర అంటారు. అందులో ఉన్నది, అప్పటికి లేని ఆర్మేనియన్ రిపబ్లిక్‌కు 521 అధికరణాల రాజ్యాంగం. ఎన్నికైన సభ, అందరికీ ఒకే చట్టం, ఆడపిల్లలకు కూడా చదువు.

వ్యాపారి రాజ్యాంగం ఎందుకు రాశాడన్నది ఇప్పుడు వింతగా ఉండదు. రెండు వందల ఏళ్లు ఒప్పందాన్ని చట్టంలా వాడుకున్న సమాజం అది. షా దయ తగ్గినప్పుడు, కంపెనీ మాట మారినప్పుడు ఎంత మంచి చిట్టా అయినా ఆస్తిని కాపాడలేదని వాళ్లు కళ్లారా చూశారు. ఆస్తికి రక్షణ ఒక మనిషి అనుగ్రహం నుంచి రాకూడదు, ఆ మనిషికి కూడా వర్తించే చట్టం నుంచి రావాలి అన్నది ఆ పుస్తకం వెనకున్న ఆర్థిక వాదం. అదే ముద్రణ సంప్రదాయంలో 1794లో మద్రాసులోనే "అజ్దరార్" వెలువడింది, ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక. షహమీర్ 1797లో మద్రాసులో చనిపోయాడు. ఆర్మేనియాలో మొదటి రిపబ్లిక్ ఏర్పడింది 1918లో.